నీ వెనక తిరుగుతున్నవాడి గురించి

తమ్ముడికి ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిందంతా విన్నాను. రెండు వారాలుగా ఎవడో టీ బంకు దగ్గర కూర్చుని నిన్నే కనిపెడుతున్నాడనీ, ఇంటికి ఎత్తితే పలకని బ్లాంక్ కాల్స్ వస్తున్నాయనీ అన్నావు. నేను ఊ కొట్టడం తప్ప ఏమీ మాట్లాడలేదని నొచ్చుకున్నట్టున్నావు. ఆ ఫోను మీద నమ్మకం లేక మాట్లాడలేదు, నీ మీద లేక కాదు. ఆ సంగతి కింద రాస్తాను. ఈ ఉత్తరం చదివి చించడం, కాల్చడం లాంటి సినిమా పనులు పెట్టుకోకు. ఇందులో మనవాళ్ళ పేరు గానీ, చేసిన ఆపరేషన్ పేరు గానీ రాయలేదు. బీరువాలో పెట్టుకో, మళ్ళీ చూసుకోవాల్సిన అవసరం పడుతుంది.

నిఘా ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గుట్టు మన బలం. రిటైరయ్యాక అదే గుట్టు నీ వెనక తిరిగేవాడి బలం అయింది. నువ్వు ఇంట్లో చెప్పుకోలేవు, స్టేషనుకు పోలేవు, పక్కింటివాడితో అనలేవు. ఈ ధీమా ఉంది కాబట్టే వాడు కావలిలో పట్టపగలు నీ ఎదురుగా నిలబడగలుగుతున్నాడు. అందుకని కనిపెట్టడానికి మాత్రం పాత కళ్ళు వాడుకో. ఆ తర్వాత చేయాల్సిందంతా ఒక మామూలు రిటైర్డు ఉద్యోగి, ఒక బ్యాంకు మేనేజరో టీచరో, తనకిలాంటి కష్టం వస్తే ఏం చేస్తాడో అదే చెయ్యి.

నువ్వు చెప్పినదాంట్లో నన్ను ఆలోచనలో పడేసింది టీ బంకు దగ్గర కూర్చునేవాడు కాదు, బ్లాంక్ కాల్సూ కాదు. నెల్లూరు బస్సు ఎక్కబోతుంటే ఎవరో వెనక నుంచి నీ పాత పేరుతో పిలిచారన్నావే, అది. నల్లమల వైపు తిరిగిన రోజుల్లో నీకున్న ఆ పేరు ఆధార్‌లో లేదు, పెన్షన్ కాగితాల్లో లేదు, మీ ఇంట్లోవాళ్ళు విననే లేదు. నువ్వు తల తిప్పలేదు గానీ ఫుట్‌బోర్డు మీద పెట్టబోయిన కాలు ఒక్క క్షణం ఆగిందన్నావు. పిలిచినవాడు చూడాలనుకున్నది ఆ కాలునే. మనకు నేర్పింది ‘తిరగొద్దు’ అని. బస్టాండులో ఆ పాఠం పనికిరాదు. ఎవరైనా గట్టిగా కేకేస్తే చుట్టూ ఉన్న పదిమందీ తిరిగి చూస్తారు, తిరగనివాడే తేడాగా కనబడతాడు. ఈసారి పిలిస్తే అందరితోపాటు తిరిగి చూడు. ఎవర్ని పిలుస్తున్నారో అన్నట్టు చూసి బస్సెక్కు. ఆ ఒక్క చూపులో వాడి మొహం కూడా నీకు దొరుకుతుంది.

ఇక ఆ పేరు తెలిసినవాళ్ళెవరు? కాగితం తీసుకుని రాయి. లిస్టు చిన్నదే అవుతుంది. మన ఆఫీసులో అప్పట్లో నీ రిపోర్టులు చూసినవాళ్ళు, నీతో కలిసి తిరిగినవాళ్ళు, నీకు సమాచారం ఇచ్చినవాళ్ళు, నీ మూలంగా జైలుకు పోయినవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు. ప్రతి పేరు పక్కనా ఇప్పుడు ఎక్కడున్నాడో తెలిస్తే రాయి, తెలియకపోతే ఖాళీ వదిలెయ్. మొహాన్ని నమ్ముకోవద్దు. ఇరవయ్యేళ్ళలో జుట్టు పోతుంది, పళ్ళు పోతాయి, పొట్ట వస్తుంది. నడక అంత తేలిగ్గా మారదు. బీడీ పట్టుకునే తీరు, కూర్చుంటే కాలు మడిచే పద్ధతి, చెవుల ఆకారం, ఇవి పెద్దగా మారవు. టీ బంకు మనిషిని వాటితో పోల్చి చూడు.

నా అనుభవంలో పగతో వచ్చేవాళ్ళు తక్కువ. పగ ఉన్నవాడు రెండు వారాలపాటు నీకు కనబడేట్టు టీ తాగుతూ కూర్చోడు. హైదరాబాదులో ఐపీఎస్ అధికారి వ్యాస్ గారిని నక్సలైట్లు చంపింది 1993 జనవరిలో, ఎల్బీ స్టేడియంలో, ఆయన రోజూ వ్యాయామానికి వెళ్ళేచోట. ఇంకో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్ర గారిని 1999 సెప్టెంబరులో ఎస్సార్ నగర్ సిగ్నల్ దగ్గర, కారు ఆగినప్పుడు కాల్చారు. అక్కడ ముందుగా ఎవరో వచ్చి పేరు పెట్టి పిలిచినట్టు గానీ, ఇంటికి బ్లాంక్ కాల్స్ చేసినట్టు గానీ నేను వినలేదు. కనబడేవాడికి కనబడాలనే ఉంటుంది. నీతో ఏదో చెప్పాలనో, నీ దగ్గర ఏదో రాబట్టాలనో వచ్చి ఉంటాడు. ఇది చెప్పి నిన్ను నిద్రపుచ్చడం నా ఉద్దేశం కాదు. కనబడేవాడి వెనక కనబడనివాడు ఉండొచ్చు. అందుకే పొద్దున వాకింగ్ ఒకే టైముకు, ఒకే గేటు నుంచి పోవడం ఈరోజే మానెయ్. ఒకరోజు ఆరింటికి, ఒకరోజు ఏడున్నరకి, ఒకరోజు సాయంత్రం. ఒక్కడివే పోవద్దు, గ్రౌండులో నడిచే రిటైర్డు లెక్చరర్ల బ్యాచ్‌తో కలిసిపో. వాళ్ళ రాజకీయాలు భరించాలి, తప్పదు.

ఎక్కువమంది ఎవరంటావా? మనకోసం పనిచేసి, మనం వదిలేసినవాళ్ళు.

2004 అక్టోబరులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాదులో చర్చలు జరిగాయి, 2005 జనవరిలో తెగిపోయాయి. ఆ మధ్యా, ఆ తర్వాతా నల్లమల అంచు ఊళ్ళలో ఎంతమంది చేత మన లైనువాళ్ళు పని చేయించుకున్నారో నీకు తెలుసు. దళాల్లోనే ఉంటూ మనకు పనిచేసిన కోవర్టులు కొందరు, సమాచారం ఇచ్చే చిన్న సోర్సులు కొందరు. నెలకింత డబ్బు, పిల్లవాడికి హాస్టల్లో సీటు, పొలానికి పట్టా, ఏదో ఒకటి మాటిచ్చే ఉంటారు. ఆఫీసరు ట్రాన్స్‌ఫరై పోతాడు. తర్వాత వచ్చినవాడికి ఫైల్లో ఒక నంబరు కనిపిస్తుంది తప్ప ఆ నంబరు వెనక మనిషి కనిపించడు. ఊళ్ళో మాత్రం ఇన్‌ఫార్మరన్న ముద్ర పడిపోయి ఉంటుంది. అప్పట్లో ఆ ముద్ర పడ్డవాడు ఊరొదిలి మార్కాపురమో, గిద్దలూరో, ఇంకా దూరంగా చీమకుర్తి గ్రానైట్ క్వారీలకో చేరి కూలి చేసుకుని బతికాడు. వాడికి డిపార్ట్‌మెంట్ అంటే భవనం కాదు, బోర్డు కాదు. నువ్వే డిపార్ట్‌మెంట్. ఇప్పుడు అరవయ్యేళ్ళు వచ్చి, ఒళ్ళు చెడి, ఎవరినో పట్టుకుని నీ ఆచూకీ తీశాడనుకో. వాడు నేరుగా గేటు కొట్టి ‘సార్, నేను’ అనడు. మనతో కలవడం వాడికి మనం నేర్పిందే అలా. దూరంగా నిలబడు, నేను చూశానని తెలిశాక వెళ్ళిపో, మూడోరోజు ఫలానా చోటికి రా. వాడు చేస్తున్నది బెదిరింపో, పాత పద్ధతిలో కలవడానికి ప్రయత్నమో తేల్చుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఎలా తేలుతుందంటే, వాడు ఏమైనా అడిగాడా, ఎవరి గురించైనా చెడుగా అన్నాడా, ఇంట్లో ఆడవాళ్ళ జోలికి, పిల్లల స్కూలు జోలికి వెళ్ళాడా చూడు. ఇవేవీ లేకుండా నీ ఒక్కడికే, నీకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు వేస్తుంటే కలవాలనుకుంటున్నట్టు. మరదలికీ మనవడికీ కూడా కనబడుతుంటే భయపెట్టాలనుకుంటున్నట్టు. ఇంకో రకం కూడా ఉన్నాడు. వాడికి నువ్వెవరో అసలు తెలియదు. ఎవరో చెబితే నీ పాత పేరు విన్నాడు, ముసలాయన దగ్గర డబ్బు గుంజవచ్చనుకున్నాడు. వీడు త్వరగానే నోరు తెరుస్తాడు, ఎందుకంటే టీ బంకులో కూర్చోడానికి వీడికి ఓపిక ఉండదు.

అసలు వాడు నీ వెంటే పడుతున్నాడా అన్నది కూడా తేల్చుకోవాలి. కావలి లాంటి ఊళ్ళో ఒకే మనిషి రోజుకు నాలుగుసార్లు కనబడితే వింతేం కాదు. ట్రంకు రోడ్డు మీద పావుగంట నిలబడితే సగం ఊరు కనబడుతుంది. కాబట్టి ఊళ్ళో లెక్క వెయ్యకు. వాడికి ఏ పనీ ఉండని చోటికి వెళ్ళు. జొన్నవాడ అమ్మవారి గుడికి వెళ్ళు, ఇంకో వారం మైపాడు బీచికి, ఇంకోసారి ఉలవపాడు దాకా వెళ్ళి మామిడికాయలు కొనుక్కొని రా. బండి మీద కాదు, ఆర్టీసీ బస్సులో. వెళ్ళేది ముందురోజు ఫోనులో ఎవరికీ చెప్పకు. వెనకే వచ్చాడా, సరే, వెంటపడుతున్నట్టు. నువ్వు వెళ్ళేసరికే అక్కడ ఉన్నాడా, అది వేరే సంగతి. అప్పుడు నిన్ను అనుసరించడంలేదు, నీ సమాచారం ఎవరో, ఏదో అందిస్తున్నారు. ఇంట్లోనో, ఫోనులోనో చిల్లు ఉంది.

ఫోను సంగతి చెబుతానన్నాను. మీ అబ్బాయిని కూర్చోబెట్టి చూపించుకో. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, అందులో నీకు తెలియని కంప్యూటరు ఏదైనా కనబడితే తీసేయించు. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరికైనా ఆన్‌లో ఉందేమో చూడు. స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొడితే నీ కాల్స్ వేరే నంబరుకు మళ్ళుతున్నాయో లేదో చెబుతుంది. సంచార్ సాథీలో నీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో వస్తుంది, నీవి కానివి ఉంటే అక్కడే రిపోర్టు చెయ్యొచ్చు. బండి సీటు కింద, వెనక నంబరు ప్లేటు లోపల, కారైతే బంపరు అంచుల్లో చేయి పెట్టి చూడు. బిళ్ళంత ట్రాకర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఏదైనా దొరికితే పీకి పారేయకు. ఉన్నచోటే ఫోటో తీసి స్టేషనులో చూపించు. అది నీ చేతికి దొరికిన మొదటి సాక్ష్యం అవుతుంది. వీటన్నిటికంటే ముందు మీ కుటుంబం వాట్సాప్ గ్రూపు చూడు. ‘నాన్నగారు జొన్నవాడలో’ అని కోడలు ఫోటో పెడితే, దాన్ని వాళ్ళ చెల్లెలు స్టేటస్‌గా పెట్టుకుంటే, ట్రాకరు దేనికి?

ఒక నోట్‌బుక్ పెట్టు. ఇది నీకు కొత్త కాదు, కానీ మన పాత రిపోర్టుల పద్ధతిలో రాయకు. అక్కడ మన అంచనా రాసేవాళ్ళం, ఇక్కడ కంటితో చూసింది మాత్రమే రాయాలి. ‘ఉదయం 6.40, కాలేజీ గ్రౌండు పడమటి గేటు, నల్ల స్ప్లెండర్, నంబరు ప్లేటులో చివరి రెండంకెలు మట్టితో కప్పి ఉన్నాయి, మనిషి దిగలేదు, హెల్మెట్ తీయలేదు, పాలబండి అతను చూశాడు.’ ఇది పనికొచ్చే రాత. ‘వాడు మళ్ళీ బెదిరింపుగా చూశాడు’ అని రాస్తే లాయరు నవ్వుతాడు. ఆరోజు సంగతి ఆరోజే రాయి, కొట్టివేతలు లేకుండా. నంబరు చూసి జిల్లా చెప్పే రోజులు పోయాయి, 2019 నుంచి కొత్త బళ్ళకు రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది. పాత బండి అయితే మాత్రం ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం. ఇది కూడా ఒక ఆనవాలే.

ఇప్పుడు అసలు కష్టం. మరదలికి చెప్పాలి.

ముప్ఫయ్యేళ్ళు ‘ఆఫీసు పని’ అంటూ నెట్టుకొచ్చావు. ఆవిడ అడగలేదంటే తెలియక కాదు, నీ మొహం చూసి ఊరుకుంది. ఇప్పుడూ చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించు. ఎవడో గేటు దగ్గరికొచ్చి ‘లైఫ్ సర్టిఫికెట్ వెరిఫికేషన్ అమ్మా, సార్ పాత ఆఫీసు నుంచి’ అంటే లోపలికి రమ్మని మంచినీళ్ళిస్తుంది. ఆవిడకి ఆపరేషన్ల కథలు అక్కర్లేదు, చెప్పే హక్కు నీకూ లేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైర్‌మెంటుతో మనల్ని వదలదు. పైగా 2021 మే 31న కేంద్రం పెన్షన్ రూల్స్ సవరించింది. మనలాంటి సంస్థల్లో రిటైరైనవాళ్ళు సంస్థ పనికి సంబంధించింది ఏదైనా ప్రచురించాలంటే సంస్థ అధిపతి ముందస్తు అనుమతి కావాలి, లేకపోతే పెన్షన్‌కే ఎసరు. కానీ ఏ చట్టమూ ‘ఉద్యోగంలో పరిచయమైనవాడొకడు ఈమధ్య నా వెనక తిరుగుతున్నాడు, ఇలా ఉంటాడు, వస్తే గేటు తీయొద్దు, నాకు ఫోను చెయ్యి’ అని భార్యకు చెప్పొద్దనలేదు. అంతే చెప్పు. ఇంకేమైనా అడిగితే ‘చెప్పకూడదు’ అను. ‘ఏం లేదు’ అనొద్దు. ఈ రెండిటికీ తేడా ఆవిడకి బాగా తెలుసు.

వీధిలో కూడా నలుగురికి అంతమాత్రం చెప్పు. ఎదురింటి మేస్టారు, పాలవాడు, ముఖ్యంగా మూల మీద ఇస్త్రీ బండి అతను. మన సర్వీసు మొత్తంలో ఇస్త్రీ బండివాడికి మించిన వాచర్‌ను నేను చూడలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడే ఉంటాడు, వీధిలో ప్రతి బట్టా, ప్రతి మనిషీ తెలుసు, పైగా ఎవడూ వాణ్ణి పట్టించుకోడు. టీ బంకు ఓనరుకు మాత్రం చెప్పొద్దు. వాడికి కూర్చున్న ప్రతివాడూ గిరాకీయే, చెప్పింది చెప్పినట్టు నీ వెనక తిరిగేవాడి చెవిన వేస్తాడు.

పోలీస్ స్టేషనుకు వెళ్ళడం నీకు నామోషీగా ఉందని నీ గొంతులోనే తెలిసింది. మీ అబ్బాయి వయసున్న ఎస్సై ముందు కుర్చీలో కూర్చుని ‘నన్నెవరో వెంబడిస్తున్నారు’ అనడం కష్టమే. అయినా వెళ్ళు. వెళ్ళేటప్పుడు తెలిసిన లాయరును ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళు. ఫిర్యాదులో నీ పాత కథ ఒక్క ముక్క రాయొద్దు. రిటైర్డు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, వయసు, చిరునామా, నోట్‌బుక్కులోంచి తేదీలు, సాక్షుల పేర్లు, బండి వివరాలు. అంతవరకే.

చట్టంలో ఒక మెలిక ఉంది, అది తెలిసే వెళ్ళాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వెంటపడటం అనే నేరం 78వ సెక్షన్. అది ఆడవాళ్ళ వెంట మగవాడు పడితేనే. నీలాంటి ముసలాడి వెంట పడితే ఆ సెక్షన్ రాదు. రేపు వాడు మరదలి వెనకో, కోడలి వెనకో తిరిగితే వస్తుంది, అప్పుడు క్షణం ఆలస్యం చెయ్యకు. నీ విషయంలో బెదిరింపు ఉంటే 351. పేరు దాచుకుని, ఎవరో తెలియకుండా బెదిరిస్తే అందులోనే శిక్ష ఇంకాస్త ఎక్కువ. డబ్బు అడిగితే 308. కాంపౌండు దాటి లోపలికొస్తే 329. ఇవేవీ ఇంకా జరగలేదంటావా, అప్పుడు నీకు పనికొచ్చేది బైండోవర్. దాంతోపాటు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 126 కింద శాంతిభద్రతలకు భంగం కలుగుతుందనుకుంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు వాడి చేత ఏడాదికి మించకుండా బాండు రాయించుకోవచ్చు. మన దగ్గర సాధారణంగా తహసీల్దారే ఆ పని చేస్తాడు. చాలామంది అక్కడితోనే చల్లబడతారు, ఎందుకంటే తహసీల్దారు ముందు నిలబడ్డాక వాడి పేరు, ఊరు, తండ్రి పేరు కాగితం మీదికి ఎక్కుతాయి.

ఎస్సై తేలిగ్గా తీసుకుంటే గొడవపడకు. జనరల్ డైరీలో ఎంట్రీ వేయమను, ఫిర్యాదు కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. నమోదు చేయననేస్తే అదే ఫిర్యాదు పోస్టులో ఎస్పీకి పంపొచ్చు, అదే సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఆ దారి ఉంది. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, అక్కడికైనా వెళ్ళు. వంద మంది మధ్య లైనులో నిలబడు. మనల్ని ఎవరూ గుర్తుపట్టకపోవడం అక్కడ కాస్త చిరాకుగానే ఉంటుంది.

మీ వీధి చివర మందుల షాపు కెమెరా టీ బంకు వైపే ఉందన్నావు. ఆ రికార్డింగు కొన్ని రోజులకి దాని మీదే మళ్ళీ ఎక్కిపోతుంది. ఇవాళే వెళ్ళి ఓనరును అడుగు. ఫోనుతో స్క్రీను మీద నుంచి వీడియో తీసుకోవడం కాదు, పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలు కాపీ కావాలి. కోర్టుదాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ఆ రికార్డింగుకు సర్టిఫికెట్ అడుగుతారు, ఆ ఓనరు సంతకం పెట్టడానికి ఒప్పుకుంటాడో లేదో ఇప్పుడే కనుక్కో. మీ గేటుకి కూడా ఒక కెమెరా పెట్టించు. మీ గేటు వైపే తిప్పు, ఎదురింటి కిటికీ వైపు కాదు, లేకపోతే రేపు నీ మీదే ఫిర్యాదు.

ఆఫీసుకు కూడా రాతపూర్వకంగా తెలియజెయ్యి. ఫోనులో పాత బ్యాచ్‌మేటుకు చెప్పడం లెక్కలోకి రాదు. ఆ పాత పేరు బయటికి పొక్కిందంటే అది నీ ఒక్కడి సమస్య కాదు, ఆ పేరుతో ముడిపడ్డ మిగతావాళ్ళ సమస్య కూడా. గన్‌మెన్‌ను ఇస్తారని మాత్రం ఆశపడకు. లైసెన్సు తుపాకి ఆలోచన కూడా వద్దు. నాలుగేళ్ళ మనవడు తిరిగే ఇంట్లో తుపాకి ఉండటం వల్ల వచ్చే ప్రమాదం, బయట టీ తాగేవాడి వల్ల వచ్చే ప్రమాదం కంటే పెద్దది.

చెయ్యకూడనివి రెండు గట్టిగా చెబుతున్నాను. నువ్వు ఎదురు వాడి వెనక పడొద్దు. చేతులు దురద పెడుతున్నాయని నాకు తెలుసు. అరవై మూడేళ్ళ మోకాళ్ళతో వాడి వెంట సందుల్లో పోయి ఎక్కడ తేలతావు? పోనీ పట్టుకున్నావే అనుకో, ఏం చేస్తావు? అరెస్టు చేసే అధికారం ఉద్యోగంలో ఉన్నప్పుడే మనకు లేదు. రెండోది, ఇంకా సర్వీసులో ఉన్న మన జూనియర్లని వాడి కాల్ డేటా తీయమనో, టవర్ లొకేషన్ చూడమనో అడగొద్దు. వాళ్ళు కాదనలేక చేస్తారు, రేపు వాళ్ళ ఉద్యోగం పోతుంది. తెలంగాణలో 2024లో ఫోన్ ట్యాపింగ్ కేసులో మన లైనులోని పెద్దతలకాయలే నిందితులయ్యాయి, చూశావుగా. స్టేషనులో కేసు కట్టాక ఇన్వెస్టిగేషన్ ఆఫీసరు చట్టప్రకారం అవన్నీ తీయగలడు. నీకు రావాల్సింది అతని ద్వారానే రానీ.

వాడు నోరు తెరిచి బెదిరించాడంటే ఒక్కసారి మాత్రం జవాబు చెప్పు, సాక్షి ఉండగా: ‘నాతో గానీ మా ఇంటివాళ్ళతో గానీ ఇక మాట్లాడవద్దు, స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాను.’ ఆ తర్వాత పలకొద్దు. ఫోనులో తిట్టొద్దు, మెసేజీకి జవాబివ్వొద్దు, నంబరు బ్లాక్ చేయడం కంటే మోగనిచ్చి లాగ్ దాచుకోవడం మేలు. ఇరవైసార్లు ఎత్తకుండా ఇరవై ఒకటోసారి ఎత్తి అరిచావనుకో, ఇరవై ఒకసార్లు చేస్తే ఈయన ఎత్తుతాడని వాడికి నేర్పినట్టే. డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్కసారి ఇస్తే అది నెలవారీ అవుతుంది.

అలా కాకుండా, నేననుకున్నట్టు వాడు మన పాత మనిషే అయి, బెదిరింపు ఏమీ లేదని తేలితే, అప్పుడు కలువు. ఇక్కడ కూడా పాత పద్ధతి వద్దు. రొయ్యల గుంటల గట్టు మీద కాదు, తుమ్మలపెంట బీచిలో సాయంత్రం చీకట్లో కాదు, మీ ఇంట్లో అసలే కాదు. పగలు పదకొండింటికి లాయరు గారి ఆఫీసులో. బయటి గదిలో గుమస్తా ఉంటాడు, లోపల లాయరు ఉంటాడు, వచ్చేవాడి పేరు రిజిస్టరులో ఉంటుంది. వాడు రానంటే తిండి హోటల్లో, జనం ఉన్న టైములో, పక్క టేబులు దగ్గర మీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని. 2006లో లండన్‌లో ఒక మాజీ రష్యన్ గూఢచారికి తెలిసినవాళ్ళే హోటల్లో టీలో పొలోనియం కలిపి ఇచ్చారు. 2018లో సాల్స్‌బరీలో ఇంకొకాయన ఇంటి తలుపు పిడికే విషం పూశారు. మనం అంత పెద్దవాళ్ళం కాదు, మన కోసం ఎవడూ పొలోనియం కొనడు. అయినా ఎవరైనా పోసిచ్చింది తాగే అలవాటు ఆ ఒక్కరోజు మానుకుంటే పోయేదేం లేదు.

కలిశాక నువ్వు తక్కువ మాట్లాడు. ఆ పాత పేరును ఒప్పుకోవద్దు, కాదనవద్దు. ‘నీకు నా వల్ల ఏం కావాలి?’ అని అడిగి ఊరుకో. వాడు ఇరవయ్యేళ్ళుగా మనసులో పెట్టుకున్నది కక్కుతాడు. తిడతాడు, ఏడుస్తాడు, మళ్ళీ తిడతాడు. విను. ‘అప్పటి పరిస్థితులు అలాంటివి’ అనే మాట మాత్రం అనొద్దు, ఆ ఒక్క మాటతో కూర్చున్నవాడు లేచిపోతాడు. వాడికి న్యాయంగా రావాల్సినది ఏదైనా ఉంటే, ఆఫీసుకు నీ పేరుతో ఒక కాగితం రాయి. అది నువ్వు చేయగలిగిన పని, పై నుంచి ఏం వస్తుందో మాటివ్వకు. పింఛను లేకపోతే అర్జీ పెట్టించు, ఒంట్లో బాగాలేకపోతే ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద చూసే ఆసుపత్రికి తీసుకెళ్ళే ఏర్పాటు చెయ్యి. నలుగురికీ తెలిసేలా, ఒక ముసలాయన ఇంకో ముసలాయనకి చేసేది చెయ్యి. జేబులోంచి తీసి చేతిలో పెట్టడం వద్దు. కాగితాల మీద జరిగే సాయానికి వాడు రేపు నిన్ను బెదిరించలేడు.

నిద్ర పట్టడంలేదన్నావు. మన ఉద్యోగం చేసినవాళ్ళకి ఇది ఎక్కువ, ప్రతి హెల్మెట్టూ వాడిలాగే కనబడుతుంది. రాత్రి కిటికీ దగ్గర కూర్చోవడం ఆపు, ఆ పని కెమెరా చేస్తుంది. బీపీ మాత్ర మానకు. మరీ టెన్షన్‌గా ఉంటే 14416కి ఫోను చెయ్యి, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు. మందు మాత్రం ముట్టొద్దు. మందులో ఉన్నవాడు చెప్పిన సాక్ష్యాన్ని ఏ ఎస్సై రాసుకోడు.

ఈ వారంలో నోట్‌బుక్కూ, మందుల షాపు ఫుటేజీ, మరదలితో మాట, ఈ మూడూ అయిపోవాలి. ఫిర్యాదు నువ్వే తెలుగులో రాసి, స్టేషనుకు ఇవ్వకముందు నాకు పంపు, దిద్ది తిప్పి పంపుతాను. నీకు రిపోర్టు రాయడం వచ్చు గానీ అర్జీ రాయడం రాదు. మా అల్లుడు బుధవారం పినాకినిలో ఒంగోలు నుంచి నెల్లూరు వెళుతున్నాడు, కావలి స్టేషనులో దిగి మీ ఇంటికి వస్తాడు. అతని మొహం మరదలికి తెలుసు, గేటు తీయమను. ఆ పాత పేర్ల లిస్టు మాత్రం అతని చేతికి ఇవ్వొద్దు, నేనొచ్చినప్పుడు చూస్తాను.

ఇట్లు,
మీ అన్న